పూరేడు ఎంత దూరంలో లేచింది

పోయిన నెల చిలకలూరిపేట అవతల ఒక హేచరీకి వెళ్ళాను. చూస్తానని నేనే అడిగాను. తెల్ల కోటు వేసుకున్న ఒక అమ్మాయి, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, చీకటి గదిలో కౌజు గుడ్లను ఒక్కొక్కటే సన్న దీపం మీద పెట్టి లోపల పిండం ఎదుగుతోందో లేదో చూస్తోంది. బయటి దేశం నుంచి తెచ్చి పెంచుతున్న ఈ పిట్టలను ఇప్పుడు కౌజులంటున్నారు. మా రోజుల్లో పల్నాటి బీళ్ళలో తిరిగేవాటిని పూరేడు పిట్టలనేవాళ్ళం. రెండూ దగ్గరి చుట్టాలే. ఆ పిల్ల చేతివేగం చూస్తే ముచ్చటేసింది. వాచీ పెట్టి లెక్కపెట్టాను. నిమిషానికి పద్దెనిమిది గుడ్లు. నేను బాగా చేసిన రోజుల్లో కూడా ఏడు దాటలేదు.

"ఎన్నో రోజు ఇవి?" అని అడిగాను.

"పద్నాలుగో రోజు బామ్మగారూ."

"ఎప్పటి నుంచి లెక్క?"

ఆ పిల్ల నా వైపు వింతగా చూసింది. "మిషన్‌లో పెట్టిన రోజు నుంచి. ఇంకెప్పటి నుంచి లెక్కేస్తారు?"

ఇంచుమించు ఆ వయసులో నేనూ ఆ మాటే అన్నాను. ఆ మాట విన్న మనిషి గురించి మీకు చెప్పాలి. నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి ఇంటికి వచ్చి రాస్తున్నాను.

అది 1946. నాకు ఇరవై ఏళ్ళు. మా నాన్న క్రైస్తవ మిషను బడిలో పంతులు. పరీక్ష ప్యాసై ఇంట్లో కూర్చున్న నాకు గురజాలకు మూడు మైళ్ళ దూరంలో మిషను వారి కోళ్ళ దొడ్డిలో పని దొరికింది. దొడ్డి అంటే పెద్దగా ఊహించుకోకండి. చుట్టూ నిలువు నాపరాళ్ళు పాతిన కంచె, లోపల మూడు కోళ్ళ గూళ్ళు, నాపరాళ్ళ కప్పుతో వరసగా నాలుగు గదులు. ఒక గదిలో కిరసనాయిలు దీపంతో నడిచే పొదిగే పెట్టె. పక్క గదిలో నేను. మూడో గదిలో దాణా. నాలుగోది ఖాళీ.

దొడ్డిని నడిపించేది ఒక దొరసానమ్మ. తెలుగు అంతా బైబిలు చదివి నేర్చుకున్న మనిషి. కోడి తప్పిపోతే "అది ఎక్కడికి వెళ్ళిపోయెను?" అని అడిగేది. మంచిది, చండశాసనురాలు. నాలో ఆమెకు నచ్చింది ఒక్కటే, నేను అంకెలు మరచిపోను. వారం తిరగకుండా గుడ్ల పుస్తకం నా చేతికి ఇచ్చింది.

నా పని ఇదీ. పెట్టెలో పెట్టే ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో తేదీ వేయాలి. ఏడో రోజున, పద్నాలుగో రోజున వాటిని తీసి చూడాలి. చూడటానికి ఒక ఖాళీ కిరసనాయిలు డబ్బా ఉండేది. పక్కన రూపాయి బిళ్ళంత కన్నం పొడిచి, లోపల లాంతరు పెట్టేవాళ్ళం. పట్టపగలే కిటికీకి కంబళి కట్టి, గది చీకటి చేసి, కన్నానికి గుడ్డు ఆనిస్తే లోపలంతా కనిపిస్తుంది. కోడిగుడ్డయితే ఏడో రోజుకు ఎర్రటి సాలీడు కాళ్ళు చాచుకున్నట్టు నరాలు కనిపించాలి. ఏమీ లేకుండా తెల్లగా వెలిగితే అది పిల్ల కట్టని గుడ్డు. నరాలు లేకుండా నల్లగా ఉంటే లోపల పిండం చచ్చినట్టు. చచ్చిన గుడ్డు పెట్టెలో పగిలిందంటే మిగతావన్నీ పాడవుతాయి. అందుకని వెంటనే తీసి సున్నం గుంటలో పూడ్చేయాలి. ఇదంతా దొరసానమ్మ పుస్తకంలో బొమ్మలతో సహా ఉండేది. ఆ బొమ్మలు నాకు కంఠతా వచ్చు. అవి కోడిగుడ్ల బొమ్మలని మాత్రం ఎన్నడూ ప్రత్యేకంగా గుర్తుచేసుకోలేదు.

దొడ్డిలో నాతో పాటు ఉండేది కాపలా తాత. అరవై దాటిన మనిషి. సరుకుల కంట్రోలు రోజులు కాబట్టి లెక్కగా వచ్చే కిరసనాయిలును పెట్టె దీపంలో పోసి వత్తి సరిచేయడం ఆయన పని. నేను రోజుకు రెండుసార్లు సీసాను వెలుగుకు ఎత్తి చూసేదాన్ని.

"తాగుతున్నాననుకుంటన్నావా ఏంది?" అనేవాడు.

ఆ ఏడు మే నెలలో, నేను చేరకముందే, దొడ్డిలో అరవై నాలుగు తెల్ల కోళ్ళకు ఇరవై తొమ్మిది ఎండదెబ్బకు చచ్చాయి. సీమ జాతి కోళ్ళు, మన ఎండకు ఎక్కడ తట్టుకుంటాయి? దాంతో దొరసానమ్మకు ఒక ఆలోచన వచ్చింది. ఈ బీళ్ళలోనే పుట్టి ఈ ఎండలోనే తిరిగే పూరేడు పిట్టలను పెట్టెలో పొదిగించి దొడ్డిలో పెంచితే మిషను ఆసుపత్రి రోగులకు కూర దొరుకుతుంది కదా అని. గుడ్లు తెచ్చేది ఎవరు? అప్పుడు వచ్చింది ఆమె.

పిట్టలు పట్టి బతికే కుటుంబాల మనిషి. ముప్పై అయిదు, ముప్పై ఆరు ఏళ్ళు ఉంటాయి. పొట్టిగా, నల్లగా, నవ్వితే ముఖమంతా నవ్వే మనిషి. ఆమె వాళ్ళంతా రైలుకట్ట అవతల గుడారాలు వేసుకుని ఉన్నారు. వానలు ముదిరాక కృష్ణ దాటి నైజాం వైపు పోతారు, వేసవికి మళ్ళీ ఇటు వస్తారు. ఏడాదంతా నడకే. ఆమెకు భర్త లేడు. అంతకు ముందటేడు రాళ్ళ గట్టు మీద నుంచి జారిపడి కుడి మోకాలు పాడైంది. బిడారంతో పాటు నడవలేక ప్రతి మకాముకూ సగం పూట వెనకబడి చేరుతోంది.

దొరసానమ్మ ఆమెతో ఒప్పందం నా ఎదుటే చేసింది. పూరేడు గుడ్లు పెట్టెలో పిల్లలైతే దొడ్డిలో ఆ నాలుగో గది ఆమెది, పిట్టల పని ఆమెది. కాకపోతే మిషను కమిటీ రెండో మనిషిని ఒప్పుకోదు.

"ఇక నడవక్కర్లేదన్నమాట," అంది ఆమె. అదొక్కటే అంది. ఆ సాయంత్రం వెళ్ళి ఖాళీ గది ఊడ్చింది. ఎవరూ చెప్పలేదు.

ఆమె అందరినీ వరస పెట్టి పిలిచేది. తాత ఆమెకు బాబాయి. పాలు పోసే ఆవిడ వదిన. దొరసానమ్మను కూడా వెనక నుంచి పెద్దమ్మ అనేది. నాకు మాత్రం పెన్సిలమ్మ అని పేరు పెట్టింది. నేను ఆమెను ఏమీ పిలిచేదాన్ని కాదు. "ఇదిగో, ఏమమ్మా," అనేదాన్ని. పంతులుగారి కూతుర్ని, పుస్తకం చేతిలో ఉన్నదాన్ని.

"అందరికీ వరస కలిసిద్ది, నీకే కలవదేందే పెన్సిలమ్మా?" అంది ఒకరోజు.

"పనికి వరసలెందుకు?"

"పనికి గాదులే. పిలిస్తే పలకటానికి."

మధ్యాహ్నాలు గూళ్ళు కడిగాక కంచె దగ్గర కూర్చుని సజ్జ కంకులు కాల్చేది. గింజలు అరచేతుల్లో నలిపి, ఊక ఊది, సగం నా పుస్తకం పక్కన పోసేది. పెదవులు బిగించి పూరేడు కూత కూసేది. రెండు పొట్టి ఊదులు, చివర ఒక విరుపు. కంచె అవతల బీట్లో నుంచి మగపిట్ట బదులు పలికేది. ఆమె మళ్ళీ కూసేది. అది ఇంకొంచెం దగ్గరకు వచ్చి పలికేది. "చూడు, పాపం, పెళ్ళాం పిలుస్తందనుకుంటన్నడు," అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నన్నూ కూయమంది. ఎంత ప్రయత్నించినా నాకు ఈల తప్ప రాలేదు. "నువ్వు రాసుకో లే," అంది.

ఆగస్టు పన్నెండు సోమవారం మొదటి రెండు గూళ్ళ గుడ్లు తెచ్చింది. దూదిలో చుట్టి, పొత్తికడుపు దగ్గర చీర మడతలో పెట్టుకుని తెచ్చింది. ఒక్కొక్కటి పెద్ద ఉసిరికాయంత. జొన్నరొట్టె మీద మాడిన చుక్కల్లాగా పెంకు నిండా మచ్చలు. మొదటి గూడు ఎనిమిది, రెండోది ఏడు. మంగళవారం మరో రెండు గూళ్ళు, తొమ్మిది, ఆరు. బుధవారం చివరి గూడు ఎనిమిది. మొత్తం ముప్పై ఎనిమిది. వచ్చినవి వచ్చినట్టే ఒక్కొక్కదాని మీద తేదీ, గూటి అంకె వేసి పెట్టెలో పెట్టాను.

నేను రాస్తుంటే ఆమె పక్కన నిలబడి చెప్పేది.

"ఇది రెండో గూడు. జొన్న చేను గట్టు మీద. తల్లి చానా మొండిది. కర్ర తగిలిందాకా లేవలా."

"తేదీ ఈ రోజే కదా?"

"తెచ్చింది ఈ రోజే. ఇది రాసుకో, కాళ్ళ కిందకి వచ్చిందాకా లేవలేదని."

"దానికేం?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది, పంతులుగారి కూతురికి ఇది తెలియదా అన్నట్టు. "ఏందట్టా అంటావు? గుడ్లు పెట్టిన కొత్తల్లో పిట్టకి గూటి మీద అంత పేణం ఉండదు. మనం నాలుగు బారల దూరంలో ఉండంగనే లేచి పోయిద్ది. రోజులు ముదిరే కొద్దీ కదలదు. లోపల పిల్ల కదుల్తా ఉంటే కాలు మీద పడ్డా లేవదు. అది ఎంత దూరంలో లేచిందో చూస్తే గుడ్డు ఎన్నాళ్ళదో తెలిసిపోయిద్ది."

నేను పుస్తకం చూశాను. వరస అంకె ఉంది, తేదీ ఉంది, ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఫలితం ఉన్నాయి. పిట్ట ఎంత దూరంలో లేచిందో రాయడానికి గడి లేదు.

"మన లెక్క పెట్టెలో పెట్టిన రోజు నుంచి," అన్నాను. "ఇంకెప్పటి నుంచి లెక్కేస్తారు?"

"నీ ఇష్టం," అంది. తర్వాత ప్రతి గూటికీ చెబుతూనే ఉంది. మొదటిది, రెండోది, నాలుగోది కాళ్ళ కింద లేచాయి. మూడోది, అయిదోది దూరాన్నే లేచాయి. నేను వింటూనే ఉన్నాను. నా జ్ఞాపకశక్తికి నేను గర్వపడేదాన్ని. ఇవాళ్టికీ ఆ అయిదు మాటలు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. రాయలేదు, అంతే.

బుధవారం ఆగస్టు ఇరవై ఒకటి. చివరి గూడు పెట్టి ఏడు రోజులైంది. అన్నీ ఒకేసారి చూద్దామని ఆ రోజు పెట్టుకున్నాను. అన్నం తిన్నాక కిటికీకి కంబళి కట్టాను. ఆమె పళ్ళెంలో గుడ్లు అందిస్తోంది, నేను చూస్తున్నాను. ఆమె వాళ్ళు మర్నాడు పొద్దున్నే గుడారాలు ఎత్తుతున్నారు. ఉంటానో వస్తానో ఈ సాయంత్రం చెబుతానని వాళ్ళకు కబురు పంపింది. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే మరీ జాగ్రత్తగా చూడాలనుకున్నాను.

మొదటి గుడ్డు కన్నానికి ఆనించాను. మచ్చల పెంకు, వెలుగు సరిగా పోదు. తిప్పి తిప్పి చూశాను. లావు కొన దగ్గర సన్నగా వెలుగు చంద్రవంకలా ఉంది, మిగతాదంతా నలుపు. సాలీడు లేదు. పక్కన పెట్టాను. రెండోది, అంతే. మూడోది, అంతే.

"ఏంది, అన్నీ అటు పెడతన్నావు?"

"నల్లగా ఉన్నాయి."

"నల్లగా ఉంటే మంచిదే గదా? లోపల మనిషి నిండినట్టు."

"నరాలు కనిపించాలి. ఇది ఏడో రోజు లెక్క."

ఆమె ఒక గుడ్డు తీసుకుని కంటిరెప్పకు ఆనించుకుంది. కాసేపు అలాగే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. "వెచ్చగా ఉంది. కంపు లేదు. ఇది బతికే ఉంది."

"పెట్టెలో నుంచి తీస్తే వెచ్చగానే ఉంటుంది. కంపు ఇంకా పట్టలేదు, రెండు రోజుల్లో పడుతుంది."

"గోరువెచ్చని నీళ్ళలో ఒదిలి చూద్దాం, కదిలిద్ది."

"గుడ్డు తడపకూడదు. పుస్తకంలో ఉంది."

చీకట్లో ఆమె ముఖం కనపడలేదు. మిగతావి అందించింది. లెక్క తేలింది. పిల్ల కట్టనివి అయిదు, నరాలు కనిపించినవి పన్నెండు, నల్లబడినవి ఇరవై ఒకటి. మొత్తం ముప్పై ఎనిమిది. కూడిక సరిపోయింది. నాకు కూడిక సరిపోతే చాలు.

ఆ ఇరవై ఒకటి ఎక్కడివో నేను చూడలేదు. మొదటి గూడు ఎనిమిది, రెండోది ఏడు, నాలుగోది ఆరు. కూడితే ఇరవై ఒకటి. ఏ గూట్లోనూ ఒకటి నల్లబడి ఒకటి మిగలలేదు. గూడు గూడంతా నల్లబడింది, ఆమె కాళ్ళ కింద లేచాయన్న మూడు గూళ్ళే. ఎక్కడైనా చచ్చే పిండాలు అంత వరసగా చస్తాయా? అంకెల మనిషిని, ఆ ఒక్క కూడిక చేసి ఉంటే చాలు. గుడ్ల మీద అంకె వేసిన పెన్సిల్ నా జడలోనే ఉంది.

నల్లవి బొక్కెనలో గడ్డి వేసి పెట్టి, పూడ్చమని తాతకు చెప్పాను. "నేను పూడుస్తాలే బాబాయ్," అని ఆమె బొక్కెన అందుకుంది. నేను పుస్తకం తీసుకుని దొరసానమ్మ దగ్గరకు వెళ్ళాను.

దొరసానమ్మ అంకెల మీద వేలు పెట్టి చదివింది. "ఇరువది ఒకటి. ఇది పెట్టె దోషమా?"

పెట్టె వేడి చూసేదాన్ని నేనే. రోజుకు ఆరుసార్లు చూసి రాసిన అంకెలన్నీ ఉన్నాయి. "కాదండీ. వేడి ఎక్కడా తప్పలేదు."

"అయితే ఆమె చెడిన గుడ్లను తెచ్చెనా?"

ఇక్కడ ఆగమని మిమ్మల్ని అడుగుతున్నాను. ఇంతవరకూ నేను చేసింది తెలియక చేసిన పొరపాటు. అలాంటివి మీరూ చేస్తారు. "తెలియదండీ" అంటే సరిపోయేది. కానీ పెట్టె నాది, వేడి నాది, పుస్తకం నాది. తప్పు నా వైపుకు రావడానికి రెండే అడుగుల దూరం ఉంది.

"తెచ్చేటప్పటికే చెడి ఉంటాయండీ," అన్నాను.

"నీవు చూచితివా?"

"చూశానండీ."

నా చేతే ఫలితం గడిలో రాయించింది: తెచ్చునప్పటికే చెడినవి. ఆ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, నా దస్తూరి ఎప్పుడూ బాగుండేది.

దొరసానమ్మ ఆమెను పిలిపించి చెప్పింది. కోప్పడలేదు. కమిటీకి ఏమని చెప్పగలనని అంది.  నేను చూశానన్న మాట దొరసానమ్మ చెబుతుంటే ఆమె ఒక్కసారి నా వైపు తిరిగింది. తిడుతుందేమోనని చూశాను. "కాళ్ళు కడుక్కుని పడుకో పెన్సిలమ్మా, పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నావు," అంది. నాలుగో గదిలో పెట్టుకున్న చాప, ముంత తీసుకుని, తాతతో ఏదో చెప్పి, కర్ర పోటు వేసుకుంటూ రైలుకట్ట వైపు వెళ్ళిపోయింది. కట్ట ఎక్కేటప్పుడు రెండుసార్లు ఆగింది.

గురువారం నాడు దొడ్డి మామూలుగానే నడిచింది. కంచె అవతల మగపిట్ట చాలాసేపు కూసింది. బదులు లేదు.

శుక్రవారం పొద్దెక్కాక తాత నా గది గుమ్మంలోకి వచ్చాడు. "ఒకసారి ఇట్టా రా."

"ఏంటి తాతా?"

"రా అంటంటే."

ఆయన నాటుకోడి ఒకటి గోడవారగా పాత గంపలో పొదుగుమీద ఉండేది. దాని కింద గుడ్లు తీసేసి నాలుగు రోజులైనా గంప వదలడం లేదని ఆయన విసుక్కునేవాడు. తాత దాని రెక్క కింద చెయ్యి పెట్టి మెల్లగా ఎత్తాడు. కింద ఏదో మరిగినట్టు కదిలింది. బొటనవేలంత పిల్లలు, వీపు మీద గోధుమరంగు చారలు. ఒకటి కోడి కాలి మీదుగా పాకి నా చేతిలో పడింది. ఏ బరువూ లేదు.

"బుదారం పొద్దుగూకే యాళ బొక్కెన తెచ్చి ఇందులో పెట్టింది," అన్నాడు తాత. "రెండు రోజులు ఆగు బాబాయ్, నువ్వే చూద్దువు అంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే సున్నం గుంటలో పోయించేదానివి గాదూ?"

నేను గడ్డిలో చెయ్యి పెట్టి పెంకులు ఏరాను. సాయంత్రానికి లెక్క తేలింది. పదిహేడు పిల్లలు. లోపలే చచ్చినవి మూడు. కోడి తొక్కి పగిలినది ఒకటి. మొత్తం ఇరవై ఒకటి. ప్రతి పెంకు మీదా నా పెన్సిల్ తేదీ ఉంది. పిల్లలు ముక్కుతో చుట్టూ కోసుకుని బయటికి వచ్చాయి కదా, కొన్ని తేదీలు నడిమికి రెండు ముక్కలయ్యాయి. ఆ పన్నెండును, పదమూడును అరచేతిలో పెట్టుకుని చూస్తే అప్పుడు అర్థమైంది. నా లెక్క నా చేతికి వచ్చిన రోజు మొదలైంది. వాటి లెక్క జొన్న చేను గట్టు మీద, ఒక తల్లి కింద, అంతకు ఆరేడు రోజుల ముందే మొదలైంది. లోపల పిల్ల నిండిపోతే ఇక వెలుగు ఎక్కడ పోతుంది? లోపల మనిషి నిండినట్టు, అని ఆమె చెప్పనే చెప్పింది.

పెంకులు కొంగున కట్టుకుని దొరసానమ్మ దగ్గరకు వెళ్ళాను. బల్ల మీద పోశాను. "నేను చూడలేదండీ. చూశానని చెప్పాను," అన్నాను.

ఆమె ఒక పెంకు తీసుకుని దాని మీది తేదీ చదివింది. పుస్తకం తెరిచి నేను రాసిన గడి చూసింది. "వ్రాసినదానిని దిద్దవచ్చును," అంది. తర్వాత, "రేపు ఉదయమున బండి తీసుకొని వెళ్ళుడి. ఆమెను తీసుకొని రండి," అంది. గది ఆమెదే అని, కమిటీకి తానే జవాబు చెప్పుకుంటానని అంది.

శనివారం తెల్లవారగానే తాత ఎడ్లబండి తోలాడు. దాచేపల్లి వైపు దారి, అక్కడి నుంచి కృష్ణ రేవు. దారి పొడుగునా అడుగుతూ వెళ్ళాం. గుడారాల వాళ్ళు వెళ్ళారా? వెళ్ళారు. కుంటుకుంటూ ఒకామె? వెనకాల వెళ్ళింది. ప్రతి ఊళ్ళోనూ ఆమె బిడారానికి ఇంకొంచెం వెనకబడుతూ వచ్చింది. చివరి ఊళ్ళో ఒక ముసలామె తన అరుగు మీద రాత్రి పడుకుందని చెప్పింది. నాకు ఆశ పుట్టింది. ఆమె ఎంత వెనకబడితే మాకు అంత దగ్గర. ఇంకొకరి కుంటినడకను అలా లెక్కపెట్టుకుంటూ సంతోషించాను నేను.

రేవుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కృష్ణ ఎర్రగా, ఒడ్డులు నిండి పోతోంది. పడవవాడు చుట్ట కాలుస్తున్నాడు.

"ఆళ్ళా? నిన్ననే దాటారు గందా."

"ఒకామె వెనక వచ్చి ఉండాలి. కాలు బాగుండదు," అన్నాను.

"ఆమా? ఇయ్యాల పొద్దున దాటించా. ఒక్కత్తే. పడవలో కూకోని నా బుర్ర తినింది, నన్ను మామా అంటది. ఏం కావాలి, మీకేమైద్ది ఆమె?"

నేను తాత వైపు తిరిగాను. తాత నా వైపు చూసి, "మా దొడ్డి మనిషేలే," అన్నాడు.

దాటతామంటే పడవవాడు ఒప్పుకోలేదు. నీరు పెరుగుతోంది, సాయంత్రందాకా పడవ వేయనన్నాడు. దాటినా అది నైజాం ఇలాకా, ఎటు పోయారని వెతుకుతాం అన్నాడు తాత. మేము బండిని మర్నాటికల్లా తిరిగి అప్పజెప్పాలి. కబురు మాత్రం ఒకటి పడవవాడి దగ్గర పెట్టి వచ్చాం. "పిల్లలు లేచాయి, గది నీదే, వచ్చెయ్." వచ్చే వేసవికి వాళ్ళు ఇటు వస్తారుగా అనుకున్నాను.

వేసవికి రాలేదు. బిడారం వచ్చిందేమో తెలియదు, మా వైపు మాత్రం రాలేదు. ఆ తర్వాత రెండేళ్ళు నైజాం సరిహద్దులో గొడవలు, రేవులు మూశారు. ఎవరిని అడిగినా తెలియదన్నారు. నాలుగో గదిని మూడేళ్ళు ఆమె కోసం ఖాళీగా ఉంచి, చివరికి తవుడు బస్తాలకు వాడాం. మొదటి బస్తా వేసిన రోజు నేను సెలవు పెట్టాను. ఆ ఉద్యోగంలో జబ్బు లేకుండా పెట్టిన సెలవు అదొక్కటే.

పూరేడు పిల్లలు బాగానే పెరిగాయి. పెట్టెలో మిగిలిన పన్నెండింటిలో తొమ్మిది లేచాయి. పదిహేడు, తొమ్మిది, ఇరవై ఆరు. తర్వాత నేను ప్రభుత్వ కోళ్ళ శాఖలోకి మారి, నరసరావుపేటలోనూ ఇంకా చాలాచోట్ల ముప్పై రెండేళ్ళు పనిచేశాను. ఎక్కడ పనిచేసినా గుడ్ల పుస్తకంలో ఒక గడి ఎక్కువ గీసేదాన్ని. పైన "మునుపు" అని రాసేదాన్ని. కొత్త అధికారి వచ్చినప్పుడల్లా ఇదేమిటని అడిగేవాడు. మన దగ్గరికి రాకముందు అని చెప్పేదాన్ని. చాలా పుస్తకాల్లో ఆ గడి ఖాళీగానే ఉండేది. అయినా గీసేదాన్ని. కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పిన మొదటి పాఠం కూడా అదే. మీ పుస్తకంలో గడి లేని మాట ఎవరైనా చెబితే, అంచులో అయినా రాసుకోండి.

ఇప్పుడు ఆ బీళ్ళు లేవు. కాలువ వచ్చాక అంతా మాగాణి అయింది, మెరకలో మిరప వేస్తున్నారు. పూరేడు కూత వినాలంటే ఊరు దాటి రాళ్ళ గట్ల దాకా పోవాలి. మనుషుల గొంతుల్లో నాకు బాగా గుర్తున్నది ఆమె పూరేడు కూత. మా ఇంట్లో వాళ్ళ గొంతులు కూడా కొన్ని మరచిపోయాను.

ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. మరుసటి ఏడు ఆగస్టులో, వాళ్ళు ఇక రారని లోలోపల తెలిశాక, ఒక మధ్యాహ్నం ఆమె కర్రలాంటి కర్ర ఒకటి తీసుకుని కంచె దాటాను. ఆమె నడిచినట్టే కుడికాలు మెల్లగా ఈడ్చుకుంటూ జొన్న చేను గట్టు వెంట నడిచాను. అలా నడిస్తే గడ్డి చప్పుడు చేయదని అప్పుడు తెలిసింది. ముప్పావు గంట నడిచాక చెప్పు కొనకు జానెడు దూరంలో గడ్డిలో నల్లటి కన్ను ఒకటి కనిపించింది. పిట్ట నా వైపు చూస్తోంది. నేను దాన్ని చూస్తున్నాను. కర్ర గడ్డికి తగిలినా లేవలేదు.

పెన్సిల్ జడలోనే ఉంది. తీయలేదు. కింద గుడ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు. నా జన్మలో లెక్కపెట్టకుండా వదిలినవి అవే. వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి నడిచాను. గట్టు దిగాక చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, కృష్ణ వైపు తిరిగి, పైకే అన్నాను.

"అక్కా, కాళ్ళ కిందకి వచ్చిందాకా లేవలేదు."